బ్రూటసా, పబ్లియసా, పెయినా? అమెరికా తొలితరం రాజకీయ రచనల్లో ముందు ఏది చదవాలి

అమెరికా పుట్టిన రోజుల నాటి రాజకీయ ఆలోచన తెలుసుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని ఎవరినైనా అడిగి చూడండి. ఫెడరలిస్ట్ వ్యాసాలు, అంటే అమెరికా రాజ్యాంగాన్ని ఆమోదించమంటూ పబ్లియస్ అన్న కలంపేరుతో వచ్చిన పత్రికా వ్యాసాలు, చదవమంటారు. ఆ సలహాతో నాకు పేచీ ఉంది. వ్యాసాల గొప్పతనం మీద కాదు నా పేచీ, వాటిని మొదట పెట్టడం మీద. మొత్తం 85 ఉన్నాయి. ఒకటో నంబరు నుంచి వరసగా పట్టుకుంటే రెండు నుంచి అయిదు దాకా విదేశీ శక్తుల భయం, ఆరు నుంచి ఎనిమిది దాకా రాష్ట్రాలు విడిపోతే ఒకదానితో ఒకటి యుద్ధానికి దిగుతాయన్న భయం. అందరూ మెచ్చుకునే పదో వ్యాసం చేరేలోపే చాలామందికి ఓపిక అయిపోతుంది. ఓపిక పట్టి చివరిదాకా వెళ్లినవాళ్లకు ఇంకో చిక్కు. ఒక పక్షం వకీలు వాదన మాత్రం విని కోర్టులోంచి లేచి వచ్చేసినట్టు ఉంటుంది వాళ్ల పరిస్థితి. ఎదుటి పక్షం ఏమన్నదో తెలియదు, దేనికి జవాబుగా ఇంత గట్టిగా వాదిస్తున్నారో తెలియదు.

1776 నుంచి 1791 దాకా పదిహేనేళ్లలో అక్కడివాళ్లు మూడు తగాదాలు పడ్డారు. మొదటిది ఇంగ్లండు రాజుతో: మమ్మల్ని ఏలే హక్కు నీకెక్కడిది అని. రెండోది తమలో తాము, ఒక్కో రాష్ట్రంలో: రాజు పోయాడు సరే, ఇప్పుడు ప్రభుత్వాన్ని ఏ ఆకారంలో కట్టుకోవాలి అని. మూడోది 1787 తర్వాత: ఇంత పెద్ద నేల మీద ఒకే బలమైన కేంద్రం పెడితే స్వేచ్ఛ మిగులుతుందా అని. ఒక్కో తగాదాకు దాని రచనలు ఉన్నాయి. వాటిలో మీకు ఏది నప్పుతుందన్నది మీరు ఏ ప్రశ్నతో వస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. నా మొగ్గు మాత్రం ముందే చెప్పేస్తాను: మూడో తగాదాలో, అదీ ఓడిపోయినవాళ్ల పక్షం నుంచి, అంటే కొత్త రాజ్యాంగాన్ని వ్యతిరేకిస్తూ బ్రూటస్ అన్న కలంపేరుతో రాసినవాడి నుంచి, మొదలుపెట్టడం మేలు.

ఒక్క సాయంత్రం తీరిక ఉంటే: పెయిన్

థామస్ పెయిన్ రాసిన 'కామన్ సెన్స్' 1776 జనవరి 10న ఫిలడెల్ఫియాలో రచయిత పేరు లేకుండా అచ్చయింది. పెయిన్ అప్పటికి అమెరికా వచ్చి ఏడాది దాటిందంతే. ఇంగ్లండులో ఆడవాళ్ల కార్సెట్లు కుట్టాడు, ఎక్సైజు శాఖలో ఉద్యోగం చేసి పోగొట్టుకున్నాడు, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇచ్చిన పరిచయ లేఖ పట్టుకుని ఓడెక్కాడు. పండితుల కోసం రాయలేదు. లాటిన్ ఉటంకింపులు లేవు. బైబిలు తెలిసి, గ్రీకు తెలియని పాఠకుడికి అర్థమయ్యేలా రాశాడు. ఆ కరపత్రం ఎన్ని ప్రతులు అమ్ముడైందన్న దాని మీద పెద్దపెద్ద అంకెలు తిరుగుతుంటాయి. వాటిలో కొన్ని పెయిన్ స్వయంగా చెప్పుకున్నవే కనుక కాస్త తగ్గించి వినడం మంచిది.

అందులో బలమంతా వంశపారంపర్య రాచరికం మీద దాడిలో ఉంది. తండ్రి సమర్థుడైతే కొడుకూ సమర్థుడవుతాడన్న హామీ ఎక్కడిది? ప్రకృతికే ఆ పద్ధతి నచ్చదు, నచ్చితే సింహాన్ని ఇవ్వాల్సిన చోట గాడిదను అన్నిసార్లు ఇవ్వదు కదా అంటాడు. ఒక ద్వీపం ఒక ఖండాన్ని శాశ్వతంగా ఏలడం అసంబద్ధమంటాడు. అమెరికాలో రాజు ఎవరని అడిగితే చట్టమే రాజు అని జవాబిస్తాడు. చట్టగ్రంథం మీద ఒక కిరీటం పెట్టి, ఉత్సవం అయ్యాక దాన్ని పగలగొట్టి ముక్కల్ని ప్రజలకు పంచేయమంటాడు. అప్పటిదాకా గొడవంతా పన్నుల మీద, పార్లమెంటు మీద. రాజు మంచివాడే, మంత్రులే చెడగొడుతున్నారన్న ధోరణి చాలామందిలో ఉండేది. పెయిన్ ఆ ముసుగు తీసేశాడు.

బలహీనత కూడా అక్కడే ఉంది. రాచరికాన్ని కూల్చే పేజీలు ఎంత పదునుగా ఉంటాయో, దాని స్థానంలో ఏం పెట్టాలన్న పేజీలు అంత పలచగా ఉంటాయి. ప్రతి ఏటా ఎన్నికయ్యే ఒకే సభ, దానికో అధ్యక్షుడు. మొత్తం ఖండానికి ఓ కాంగ్రెసు. దాని అధ్యక్షుణ్ణి ఏ కాలనీ నుంచి ఎంచుకోవాలో చీటీలు వేసి తేల్చుకోవాలట. అధికారం ప్రజల చేతికి వస్తే చాలు, మిగతావి సర్దుకుంటాయన్న నమ్మకం అది. స్వపరిపాలన ఎలా నడుస్తుందో తెలుసుకోవాలని వచ్చేవాళ్లకు పెయిన్ చాలడు. స్వపరిపాలన ఎందుకు కావాలో ఒంట్లోకి ఎక్కాలంటే మాత్రం ఇంతకు మించింది లేదు.

ప్రకటన: చిన్నదే, కానీ తొలి పేరాలతో ఆపకండి

1776 జులై 4న ఆమోదం పొందిన స్వాతంత్ర్య ప్రకటన సుమారు 1,300 పదాలు. పది నిమిషాల పని. అందరికీ తెలిసింది రెండో పేరా: మనుషులంతా సమానంగా సృష్టించబడ్డారు, కొన్ని హక్కులు ఎవరూ లాక్కోలేనివి, ప్రభుత్వాలకు న్యాయమైన అధికారం పాలితుల సమ్మతి వల్లే వస్తుంది. ఆ మాటల్లో కొత్తదనం ఉందని రాసిన జెఫర్సన్ కూడా చెప్పుకోలేదు. అంతకుముందే ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ లాక్ ఉన్నాడు, అంతకు కొద్ది వారాల ముందే జార్జ్ మేసన్ రాసిన వర్జీనియా హక్కుల ప్రకటన ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే చుట్టరికం కళ్లకు కడుతుంది.

నేను చదవమనేది ఆ తర్వాత వచ్చే ఆరోపణల జాబితా. రాజు మీద 27 నేరాలు మోపారు. శాసనసభల్ని దూరప్రాంతాల్లో, ఇబ్బందికరమైన చోట్ల సమావేశపరచడం, ప్రతినిధుల సభల్ని పదేపదే రద్దు చేయడం, న్యాయమూర్తుల జీతాన్నీ పదవీకాలాన్నీ తన ఇష్టం మీద ఉంచుకోవడం, శాంతికాలంలో సైన్యాన్ని నిలబెట్టడం. పదకొండేళ్ల తర్వాత రాజ్యాంగంలో న్యాయమూర్తుల జీతం తగ్గించకూడదని ఎందుకు రాశారో, సైన్యానికి నిధులు రెండేళ్లకు మించి ఒకేసారి కేటాయించకూడదని ఎందుకు పెట్టారో ఈ జాబితా చూస్తేనే తెలుస్తుంది. తత్త్వం కంటే ఫిర్యాదులే ఎక్కువ నేర్పుతాయని నాకు అనిపించేది ఇలాంటి చోట్లే. అయితే ఒక్కదాన్నే చదివి ఆగితే ప్రభుత్వ నిర్మాణం గురించి మీకు తెలిసేది దాదాపు శూన్యం. ఆ పని ప్రకటనది కాదు కూడా.

ఎవరూ సూచించని జంట: పెన్సిల్వేనియా, మసాచుసెట్స్

రెండో తగాదాను పుస్తకాలు తొందరగా దాటేస్తాయి. నిజానికి స్వపరిపాలన అన్న మాటకు రెండు అర్థాలు ఎదురెదురుగా నిలబడింది ఇక్కడే.

పెయిన్ కరపత్రం చూసి మసాచుసెట్స్ నాయకుడు జాన్ ఆడమ్స్‌కు స్వాతంత్ర్య వాదన నచ్చింది, ప్రభుత్వ పథకం చూసి బెంబేలెత్తాడు. ఒకే సభ చేతిలో మొత్తం పెడితే ఆ సభ తనకు తాను చట్టాలు చేసుకుంటుంది, తన చట్టాల్ని తానే అమలు చేసుకుంటుంది, తగవులన్నీ తనకు అనుకూలంగా తీర్చుకుంటుంది అన్నాడు. 1776 వసంతంలోనే 'థాట్స్ ఆన్ గవర్నమెంట్' అనే చిన్న కరపత్రం వేశాడు. రెండు సభలు, విడిగా ఒక గవర్నరు, స్వతంత్ర న్యాయవ్యవస్థ, ఏటేటా ఎన్నికలు. మనుషుల ఏలుబడి పోయి చట్టాల ఏలుబడి రావాలన్నది అతని సూత్రం.

అదే ఏడాది సెప్టెంబరులో పెన్సిల్వేనియా సరిగ్గా ఆడమ్స్ భయపడ్డ దారి పట్టింది. ఒకే సభ. గవర్నరు లేడు, పన్నెండు మంది కార్యనిర్వాహక మండలి. పన్ను కట్టే వయోజన పురుషులందరికీ ఓటు, ఆస్తి షరతు లేదు. ఏడేళ్లలో నాలుగేళ్లకు మించి ఎవరూ సభలో కూర్చోకూడదు. ప్రతి బిల్లునూ చివరిసారి చర్చించే ముందు అచ్చువేసి ప్రజల ముందు పెట్టాలి, అత్యవసరమైతే తప్ప తర్వాతి సమావేశాల దాకా చట్టం చేయకూడదు. ఏడేళ్లకోసారి రాజ్యాంగం సరిగా నడుస్తోందా అని చూడడానికి ఒక పరిశీలక మండలి. ఇవాళ చదివినా ఇందులో కొన్ని అంశాలు మన శాసనసభల కంటే ముందున్నట్టే ఉంటాయి. కానీ అది నిలబడలేదు. 1790లో దాన్ని తీసేసి రెండు సభల రాజ్యాంగం తెచ్చుకున్నారు.

మసాచుసెట్స్‌లో 1778లో శాసనసభ ఒక రాజ్యాంగం తయారుచేస్తే ఊరూరా జరిగిన సభలు దాన్ని తిప్పికొట్టాయి. తర్వాత ఆ పనికోసమే ప్రత్యేకంగా ఎన్నుకున్న ఒక సదస్సు ఆడమ్స్ ముసాయిదాను ఆధారం చేసుకుని కొత్తది రాసి, మళ్లీ ఊళ్ల ముందు పెట్టింది. 1780లో అమల్లోకి వచ్చింది, సవరణలతో ఇప్పటికీ అదే నడుస్తోంది. మామూలు చట్టం చేసే సభ వేరు, రాజ్యాంగం రాసే సభ వేరు, దాన్ని ఆమోదించాల్సింది ప్రజలు అన్న పద్ధతి ఇక్కడ గట్టిపడింది. ఇదీ ఆడమ్స్ గెలుపే. కాకపోతే ఓటుకు ఆస్తి షరతు కూడా ఆ గెలుపుతో పాటే వచ్చిందని మరిచిపోకూడదు.

రాజనీతిశాస్త్రం చదివేవాళ్లకు, గ్రామ స్వరాజ్యం, వికేంద్రీకరణ లాంటి విషయాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు నేను ఈ జంటనే చెప్తాను. వ్యాఖ్యానాలు అక్కర్లేదు, రెండు రాజ్యాంగాల పాఠాలూ ఆడమ్స్ కరపత్రమూ చాలు.

ఇక అసలు పోటీ: బ్రూటస్, పబ్లియస్

1787 సెప్టెంబరు 17న ఫిలడెల్ఫియా సదస్సు ముగిసి కొత్త రాజ్యాంగం బయటికి వచ్చింది. తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటే అమల్లోకి వస్తుంది. న్యూయార్క్‌లో వ్యతిరేకత బలంగా ఉంది. అక్టోబరు 18న అక్కడి పత్రికలో బ్రూటస్ అన్న కలంపేరుతో ఒక వ్యాసం వచ్చింది. అక్టోబరు 27న పబ్లియస్ అన్న పేరుతో మరో పత్రికలో జవాబుల వరస మొదలైంది. పబ్లియస్ అంటే ముగ్గురు: అలెగ్జాండర్ హామిల్టన్ 51, జేమ్స్ మాడిసన్ 29, జబ్బుపడి మధ్యలో ఆగిన జాన్ జే 5. కొన్ని వ్యాసాలు తమవంటే తమవని హామిల్టన్, మాడిసన్ ఇద్దరి జాబితాల్లోనూ ఉండేవి. 1964లో ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు ఎవరు ఏ చిన్నచిన్న మాటలు ఎంత తరచుగా వాడతారో లెక్కగట్టి ఆ పన్నెండూ మాడిసన్ ఖాతాలో వేశారు. సాఫ్ట్‌వేరు పనిలో ఉన్నవాళ్లకు ఆ కథ విడిగా చదువుకోదగ్గది. బ్రూటస్ ఎవరో మాత్రం ఇప్పటికీ తేలలేదు. రాబర్ట్ యేట్స్ అని చాలాకాలం అనుకున్నారు, మెలాంక్టన్ స్మిత్ అన్నవాళ్లూ ఉన్నారు.

బ్రూటస్ 16 వ్యాసాలు రాశాడు. మొదటిదాని వాదన సూటిగా ఉంటుంది. కేంద్రానికి 'అవసరమైన, తగిన' చట్టాలన్నీ చేసే అధికారం ఇచ్చారు, కేంద్ర చట్టమే రాష్ట్ర చట్టం కంటే పైది అన్నారు. ఈ రెండూ కలిస్తే రాష్ట్రాలు కాలక్రమంలో పేరుకే మిగులుతాయి. పైగా ఇంత విశాలమైన దేశంలో ప్రతినిధికి తన ప్రజలు తెలియరు, ప్రజలకు తమ ప్రతినిధి తెలియడు. నమ్మకం లేని చోట చట్టం నడవాలంటే సైన్యం కావాలి. ప్రజలు ఒకసారి వదులుకున్న అధికారాన్ని బలప్రయోగం లేకుండా తిరిగి తెచ్చుకోవడం దాదాపు జరగదు. చిన్న నేల మీదే గణతంత్రం బతుకుతుందన్న ఫ్రెంచి తత్త్వవేత్త మాంటెస్క్యూ మాట అతనికి అండ.

దీన్ని చదివాక పబ్లియస్ పదో వ్యాసం తీయండి. నవంబరు 22న వచ్చింది, రాసింది మాడిసన్. అప్పుడు అది వేరే రచనలా కనిపిస్తుంది. ముఠాలు ఎందుకు పుడతాయి? మనిషి స్వభావంలోనే బీజం ఉంది, అన్నిటికంటే ఎక్కువగా ఆస్తిలో తేడాల వల్ల పుడతాయి: అప్పిచ్చినవాళ్లు, అప్పుపడ్డవాళ్లు, భూస్వాములు, వర్తకులు. నిప్పుకు గాలి ఎలాగో ముఠాకు స్వేచ్ఛ అలాగ. అలాగని గాలిని తీసేస్తామా? కారణాన్ని తొలగించలేం, ఫలితాన్ని అదుపు చేయాలి. ముఠా చిన్నదైతే ఓటుతో ఓడుతుంది. మెజారిటీయే ముఠా అయితే? అప్పుడు దేశం పెద్దదిగా ఉండడమే రక్షణ. రకరకాల ప్రయోజనాలు, మతాలు, వృత్తులు ఎక్కువైనకొద్దీ ఒకే మెజారిటీ కూడగట్టుకుని మిగతావాళ్లను తొక్కడం కష్టమవుతుంది. బ్రూటస్ ఏది జబ్బు అన్నాడో దాన్నే మాడిసన్ మందుగా చూపిస్తున్నాడు. బ్రూటస్‌ను చదవకుండా ఈ తిరకాసు పట్టుబడదు. పదో వ్యాసాన్ని విడిగా చదివి, బాగానే ఉంది కానీ ఇందులో ఏముంది అనుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల తప్పు కాదు, చదివిన వరస తప్పు.

రెండో జంట: బ్రూటస్ రెండో వ్యాసం, పబ్లియస్ 84. హక్కుల పత్రం ఎందుకు లేదన్నది ప్రశ్న. లేని అధికారాన్ని నిషేధించడం దేనికి, పత్రికల మీద కేంద్రానికి అధికారమే ఇవ్వనప్పుడు పత్రికాస్వేచ్ఛ జోలికి పోకూడదని ఎందుకు రాయాలి అంటాడు హామిల్టన్. వినసొంపుగానే ఉంటుంది. కానీ బ్రూటస్ ఆ వాదనకు ఎప్పుడో జవాబు చెప్పేశాడు: మరి బిరుదులు ఇవ్వకూడదని, వెనకటి తేదీతో శిక్షించే చట్టాలు చేయకూడదని ఈ రాజ్యాంగంలోనే రాశారెందుకు? ఇవ్వని అధికారం లేనట్టే అయితే ఆ నిషేధాలూ అక్కర్లేదుగా? నా లెక్కలో ఈ రౌండు బ్రూటస్‌ది. చరిత్ర లెక్కలోనూ అంతే: 1789లో మాడిసనే సవరణలు ప్రతిపాదించాల్సి వచ్చింది, 1791 డిసెంబరు 15కి పది ఆమోదం పొందాయి. అప్పుడు పంపిన పన్నెండింటిలో పక్కన పడిపోయిన ఒకటి, కాంగ్రెసు సభ్యుల జీతాల మీదది, 1992లో 27వ సవరణగా చేరింది.

మూడో జంట న్యాయవ్యవస్థ మీద. బ్రూటస్ 15లో, ప్రజలకూ శాసనసభకూ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని స్థానంలో మనుషుల్ని కూర్చోబెడితే వాళ్లు త్వరలోనే స్వర్గానికి కూడా జవాబు చెప్పక్కర్లేదనుకుంటారు అంటాడు. దానికి హామిల్టన్ 78వ వ్యాసంలో ఇచ్చిన జవాబు ప్రసిద్ధం: న్యాయస్థానం చేతిలో కత్తీ లేదు, ఖజానా లేదు, ఉన్నది విచక్షణ మాత్రమే, కనుక మూడు శాఖల్లో అతి తక్కువ ప్రమాదకరమైనది అదే. ఇక్కడ ఎవరు గెలిచారో నేను చెప్పను. రాజ్యాంగ మౌలిక స్వరూపం మీద వచ్చిన కేశవానంద భారతి తీర్పు గురించి, న్యాయమూర్తుల్ని ఎంపిక చేసే కొలీజియం గురించి మనదగ్గర జరిగే వాదనలు విన్నవాళ్లకు రెండు గొంతులూ తెలిసినవిగానే ఉంటాయి.

ఈ ఆరు వ్యాసాలకు 51వ దాన్ని కలపండి. మనుషులు దేవదూతలైతే ప్రభుత్వమే అక్కర్లేదు, ఆశను ఆశతోనే అడ్డుకోవాలి అన్న మాటలు అందులోవే. ఏడు వ్యాసాలు. మొత్తం 85 చదివినదానికంటే ఇవి ఎదురెదురుగా చదివితే వచ్చేది ఎక్కువని నా గట్టి అభిప్రాయం. ఓడినవాళ్ల రచనలన్నీ ఇంత బాగుంటాయని అనుకోకండి. సెంటినెల్ అన్న కలంపేరుతో రాసినవాడు ఎక్కువగా తిట్లలోకి దిగుతాడు, ప్యాట్రిక్ హెన్రీ వర్జీనియా ప్రసంగాలు గొప్ప వక్తృత్వం, కానీ ఒక దారిలో నడవవు. మెర్సీ ఓటిస్ వారెన్ 1788లో మారుపేరుతో రాసిన కరపత్రాన్ని చాలాకాలం ఎల్‌బ్రిడ్జ్ గెర్రీదనుకున్నారు. అది చదవదగ్గది. రాజ్యాంగాన్ని ఆమోదించినప్పటి ఓట్ల లెక్క కూడా ఒకసారి చూడండి: మసాచుసెట్స్‌లో 187కు 168, వర్జీనియాలో 89కి 79, న్యూయార్క్‌లో 30కి 27. ఎదుటి పక్షాన్ని చదవకుండా వదిలేయడానికి ఇవేమీ ఏకపక్ష విజయాలు కావు.

వ్యాసాలు విసుగైతే: ఉత్తరాలు

కొందరికి వాదప్రతివాదాల వ్యాసశైలి పడదు. వాళ్లకు నేను చెప్పేది జెఫర్సన్, మాడిసన్ల మధ్య 1787 నుంచి 1790 దాకా నడిచిన ఉత్తరాలు. జెఫర్సన్ ప్యారిస్‌లో రాయబారి, మాడిసన్ న్యూయార్క్‌లో. స్నేహితులు కనుక పత్రికలో రాసుకోలేని సంశయాలు ఇందులో దొరుకుతాయి.

1787 అక్టోబరు 24న మాడిసన్ రాజ్యాంగం గురించి సుదీర్ఘంగా రాస్తాడు. డిసెంబరు 20న జెఫర్సన్ జవాబు: నచ్చినవి ఇవి, నచ్చనివి రెండు. హక్కుల పత్రం లేదు, అధ్యక్షుడు మళ్లీమళ్లీ పోటీ చేయకుండా అడ్డు లేదు. 1788 అక్టోబరు 17న మాడిసన్ తన భయాన్ని విప్పుతాడు. మన ప్రభుత్వాల్లో అసలు బలం మెజారిటీ చేతిలో ఉంది, కనుక ప్రమాదమూ అటునుంచే. కాగితం మీది కంచెల్ని మెజారిటీలు దాటడం నేను చూస్తూనే ఉన్నాను, హక్కుల పత్రం వల్ల ఏం ఒరుగుతుంది? 1789 మార్చి 15న జెఫర్సన్ జవాబు: ఒక ప్రయోజనం మరిచిపోయావు, అది న్యాయస్థానం చేతికి ఒక ఆయుధం ఇస్తుంది. జూన్ 8న మాడిసన్ ప్రతినిధుల సభలో సవరణలు ప్రవేశపెడుతూ స్వతంత్ర న్యాయస్థానాలు ఈ హక్కులకు కావలి ఉంటాయని వాదించాడు. ఉత్తరంలో వచ్చిన మాట మూడు నెలలకు సభలో వినిపించింది. ఒక ఆలోచన మనిషిని ఎలా మారుస్తుందో తేదీలతో సహా దొరికే చోట్లు అరుదు. అతను మారడానికి ఎన్నికల రాజకీయం కూడా కారణమే. ఆ ఏడాది మొదట్లో జేమ్స్ మన్రో మీద పోటీలో, సవరణలకు తాను సుముఖమేనని నియోజకవర్గానికి మాటిచ్చాడు.

ఇంకో జత తప్పక చదవాలి. 1789 సెప్టెంబరు 6న జెఫర్సన్, భూమి బతికున్నవాళ్లది, ఒక తరం ఇంకో తరాన్ని అప్పులతో గానీ చట్టాలతో గానీ కట్టిపడేయలేదు, మరణాల పట్టికల ప్రకారం లెక్కేస్తే ఏ రాజ్యాంగమైనా 19 ఏళ్లకు చెల్లిపోవాలి అని రాశాడు. 1790 ఫిబ్రవరి 4న మాడిసన్ మర్యాదగానే దాన్ని విప్పదీశాడు: కొన్ని అప్పులు రాబోయే తరం మేలు కోసమే చేస్తాం, ప్రతి 19 ఏళ్లకూ అంతా రద్దయ్యే ప్రభుత్వం మీద ఎవరికి గౌరవం మిగులుతుంది, ఆస్తి హక్కులు ఏమవుతాయి? జెఫర్సన్ ఈ భావాన్ని తర్వాతి ఉత్తరాల్లోనూ వదల్లేదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో అంబేడ్కర్ జెఫర్సన్‌ను ఉటంకించింది ఈ విషయం మీదే. మనం రాజ్యాంగానికి శాశ్వత ముద్ర వేయలేదు, అమెరికాలోలా అసాధారణ షరతులు పెట్టకుండా సవరణ మార్గాన్ని సులువుగానే ఉంచాం అన్నారు. తెలుగు పాఠకుడు ఆ ప్రసంగం పక్కన ఈ రెండు ఉత్తరాలూ పెట్టుకుంటే మాడిసన్ అభ్యంతరాలకు బరువు ఇంకా పెరుగుతుంది.

ఎవరి స్వేచ్ఛ?

ఈ ప్రశ్నతో వచ్చేవాళ్లకు పైవేవీ సరిపోవు. 1790 జనాభా లెక్కల్లో 39 లక్షల చిల్లర జనంలో దాదాపు 7 లక్షలమంది బానిసలు. జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా బానిసల్ని సొంతం చేసుకున్నాడు. ప్రకటన ముసాయిదాలో బానిస వ్యాపారం మీద అతను రాసిన ఘాటైన భాగాన్ని కాంగ్రెసు కొట్టేసింది. పబ్లియస్ 54వ వ్యాసం, బానిసను లెక్కలో అయిదింట మూడు వంతుల మనిషిగా చూసే నిబంధనను సమర్థించే ప్రయత్నం, మొత్తం సంపుటిలో అతి ఇబ్బందికరమైన రచన. దక్షిణాదివాడి నోట్లో వాదన పెట్టి తాను పక్కకు జరుగుతాడు రచయిత.

దాని బదులు ఇవి చదవండి. 1777 జనవరిలో ప్రిన్స్ హాల్, మరికొందరు నల్లవారు మసాచుసెట్స్ శాసనసభకు పెట్టిన అర్జీ: మీరు ఇంగ్లండుతో ఏ సూత్రం మీద పోరాడుతున్నారో ఆ సూత్రమే మా తరఫున వెయ్యి వాదనల కంటే బలంగా పలుకుతుంది అంటుంది. 1781లో ఎలిజబెత్ ఫ్రీమన్ అనే బానిస స్త్రీ, అందరూ స్వేచ్ఛగా సమానంగా పుట్టారన్న మసాచుసెట్స్ రాజ్యాంగ వాక్యం పట్టుకుని కోర్టుకెక్కి గెలిచింది. 1791 ఆగస్టు 19న బెంజమిన్ బ్యానెకర్ అనే నల్లజాతి గణితవేత్త జెఫర్సన్‌కు అతని ప్రకటన మాటల్నే ఎత్తి చూపుతూ ఉత్తరం రాశాడు. చిన్నవి, పదునైనవి. స్త్రీల విషయానికి వస్తే కొత్త చట్టాల్లో ఆడవాళ్లను గుర్తుపెట్టుకోమంటూ 1776 మార్చి 31న అబిగైల్ ఆడమ్స్ భర్త జాన్ ఆడమ్స్‌కు రాసిన ఉత్తరం అందరూ ఉదహరిస్తారు. ఏప్రిల్ 14న ఆ భర్త నవ్వొస్తోందంటూ రాసిన జవాబు కూడా చదవాలి, అప్పుడే బొమ్మ పూర్తవుతుంది.

చదివే దారి

పోటీ పరీక్షల కోసం మాత్రమే అయితే నిజం చెప్పాలి: వీటిలో ఏదీ చదవక్కర్లేదు, ఏ దేశం నుంచి మనం ఏ అంశం తీసుకున్నామన్న పట్టిక చాలు. అమెరికా పౌరసత్వ పరీక్షకు కూర్చునే మనవాళ్లకు ఫెడరలిస్ట్ వ్యాసాల రచయితల్లో ఒకరి పేరు చెప్పమన్న ప్రశ్న ఎదురుకావచ్చు. హామిల్టన్ పేరు గుర్తుంటే గట్టెక్కుతారు. లా చదివేవాళ్లు మూడో జంటతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లవచ్చు. ఆంగ్లం కాస్త ఇబ్బందైతే పెయిన్ తేలిక, ఆ తర్వాత బ్రూటస్. మాడిసన్ వాక్యాలు పొడవు, హామిల్టన్‌వి ఇంకా పొడవు.

డబ్బు పెట్టి కొనాల్సిన పనిలేదు. ఉత్తరాలన్నీ అమెరికా జాతీయ ఆర్కైవ్స్ నడిపే ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి, తేదీ కొట్టి వెతికితే చాలు. అప్పటి రాష్ట్ర రాజ్యాంగాల్లో చాలావరకూ, ఫెడరలిస్టూ యేల్ విశ్వవిద్యాలయం వారి అవలాన్ ప్రాజెక్టులో దొరుకుతాయి. హెర్బర్ట్ స్టోరింగ్ కూర్చిన ఫెడరలిస్ట్ వ్యతిరేకుల రచనలు, అతను పోయాక, 1981లో ఏడు సంపుటాలుగా వచ్చాయి. అవి పరిశోధకులకు, మనకు దాని ఒక్క సంపుటి సంక్షిప్త రూపం సరిపోతుంది.

ఇక ఫిలడెల్ఫియా సదస్సులో మాడిసన్ రోజువారీగా రాసుకున్న చర్చల నోట్సు. 1840లో, అతను పోయాక గానీ అచ్చు కాలేదు. ఎవరు ఏమన్నారు, ఏ మాట ఎప్పుడు మార్చుకున్నారు అన్నది తెలిసే ఏకైక విస్తృత ఆధారం అది. అయినా దాన్ని మొదటి పుస్తకంగా పట్టుకోవద్దు. 55 మంది ప్రతినిధులు, నాలుగు నెలలు, వెనక్కీ ముందుకీ తిరిగే తీర్మానాలు. పైన చెప్పిన జంటలు అయ్యాక, బ్రూటస్ భయపడిన నిబంధన ఏదైనా ఒకటి ఎంచుకుని, అది సదస్సులో ఏ రోజున ఎలా పుట్టిందో చూడడానికి మాత్రం తెరవండి.